సేవ అంటారు, చాకిరీ అంటారు, చదువని మాత్రం అనరు
(అంటు – 9వ భాగం)



పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. ఇదీ పని. మన ఆసుపత్రుల్లో, మన ఇళ్లలో రోజుకి ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కలేదు. ఈ ఒక్క పనికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. కోడలు చేస్తే సేవ. నర్సమ్మ చేస్తే పరిచర్య. ఆయా చేస్తే చాకిరీ. ఇంకాస్త పాత మాట కావాలంటే ఊడిగం.

మంచం అదే. కుర్చీ అదే. లేవలేని మనిషీ అతనే. చేసే మనిషి మారితే మాట మారుతుంది, మాటతో పాటు కూలీ మారుతుంది. సేవకు పొగడ్త ఉంటుంది, కూలీ ఉండదు. చాకిరీకి ఎంతో కొంత కూలీ ఉంటుంది, మర్యాద ఉండదు. ఈ రెండూ కలిసి దొరికే మాట ఇంకొకటి ఉంది. దాన్ని ఈ పనికి మన దగ్గర ఎవరూ వాడరు. ఆ మాట చదువు.

తెలుగు పాఠాలు చెప్పుకునేదానివి, ఆసుపత్రుల సంగతి నీకెందుకని అడిగేవాళ్లుంటారు. నా డాక్టరేట్ సాహిత్యంలోనే, ఒప్పుకుంటాను. కానీ ఒక పనికి ఏ పేరు పెట్టారు, ఆ పేరు చాటున ఎవరి కూలీ ఎగ్గొట్టారు అని వెతకడం కూడా సాహిత్య విద్యార్థి పనే. పైగా మా పేట ఆడవాళ్లలో చాలామంది టౌన్లో ఆసుపత్రుల్లో ఆయాలు. మా చిన్నమ్మ వాళ్లలో ఒకతె. నేను చదువుకున్న మాటల వెనక వాళ్ల నడుములున్నాయి.

ముందు పని గురించి మాట్లాడుకుందాం. "ఎత్తి కూర్చోబెట్టడమేగా, దానికి చదువెందుకు?" అనేవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను.

ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయిన పెద్దాయన మంచం మీద ఉన్నారనుకోండి. చక్రాల కుర్చీ ఏ పక్కన పెట్టాలి? ఆయనకు బలం ఉన్న కుడి పక్కన, మంచానికి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా. రెండు బ్రేకులూ వెయ్యాలి. పాదాలు పెట్టుకునే రేకులు పక్కకి తిప్పెయ్యాలి, లేకపోతే కాలు తట్టుకుంటుంది. ఏం చెయ్యబోతున్నామో ఆయనకు ముందు చెప్పాలి. ఆయన సరేనన్నాకే ముట్టుకోవాలి. ఒక పక్కకి తిప్పి, కాళ్లు మంచం కిందికి దించి, భుజం దగ్గర ఆసరా ఇచ్చి లేపి కూర్చోబెట్టాలి. వెంటనే నిలబెట్టకూడదు. రోజుల తరబడి పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. కాసేపు మంచం అంచునే కూర్చోనిచ్చి, తల తిరుగుతోందా అని అడిగి, మొహం చూడాలి.

తర్వాత నడుముకి బెల్టు. దీన్ని గెయిట్ బెల్ట్ అంటారు. బట్టల మీదుగా కట్టి, కింది నుంచి వేళ్లు పోనిచ్చి పట్టుకోవాలి. పట్టు బెల్టు మీద ఉండాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగకూడదు, చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు. పక్షవాతం వచ్చిన భుజం చుట్టూ కండరాల పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి వదలదు. ఆయన మన మెడ చుట్టూ చేతులు వెయ్యకూడదు, వేస్తే ఆయన బరువంతా మన మెడ ఎముకల మీదే. ఆయన పాదాలు మోకాళ్ల కిందికి వచ్చేలా వెనక్కి జరపాలి. బలం లేని మోకాలు మడత పడకుండా మన మోకాలు అడ్డం పెట్టాలి. ఆయన్ని ముందుకి వంగమనాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఇద్దరూ కలిసి లేవాలి. తిరిగేటప్పుడు నడుం మెలితిప్పకుండా పాదాలు జరపాలి. కుర్చీ అంచు ఆయన కాళ్ల వెనక తగిలాక, కుడి చేత్తో కుర్చీ చెయ్యి పట్టుకోమని చెప్పి, మన మోకాళ్లు వంచుతూ నెమ్మదిగా దించాలి.

ఇది ఒక్క మనిషిని ఒక్కసారి కుర్చీలోకి మార్చడం. వెన్నెముక దెబ్బ తిన్న మనిషైతే ఈ లెక్క పనికిరాదు. ముగ్గురు నలుగురు కావాలి, ఒకరు తల పట్టుకుని మాట చెప్పాలి, తలా మొండెమూ దుంగలాగా ఒకేసారి తిరగాలి. లేవలేక పడుకునే ఉన్న మనిషికి సాధారణంగా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. లేకపోతే పిరుదుల మధ్య ఎముక మీదా, తుంటి మీదా, మడమల మీదా చర్మం నల్లబడి పుండవుతుంది. పక్క మీద ఈడ్చి జరిపినా చర్మం లేచిపోతుంది, అందుకే కింద దుప్పటి మడత వేసి దానితో జరపాలి. తుంటి మార్పిడి ఆపరేషన్ వెనక నుంచి చేసినవాళ్లను పొట్టి కుర్చీలో కూర్చోబెట్టకూడదు, కాలు మీద కాలు వేయనివ్వకూడదు. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగోలేని కాలు ముందు.

ఇప్పుడు చెప్పండి, ఇది చదువు కాదా? బరువు, కోణం, కీలు, రక్తపోటు, చర్మం, భయం, భాష అన్నీ ఉన్నాయి ఇందులో. శరీరశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, ఎదుటి మనిషి మర్యాద ఉంది.

అమెరికాలో ఈ పనిని చదువు అన్నారు. అక్కడ ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ అనే ఉద్యోగం ఉంది. గుర్తింపు ఉన్న కాలేజీలో దాదాపు రెండేళ్ల డిగ్రీ, దాని మీద జాతీయ పరీక్ష, ఆ తర్వాత లైసెన్స్. మొదటి బ్యాచ్ 1969లో బయటికొచ్చింది. నేను పైన చెప్పిన పనులు వాళ్ల మొదటి పాఠాల్లో ఉంటాయి. ప్రాక్టికల్ పరీక్షలో పరీక్ష పెట్టేవాళ్ల ముందు నిలబడి చేసి చూపించాలి. బ్రేకు వెయ్యడం మర్చిపోతే మార్కులు పోతాయి.

ఇక మా చిన్నమ్మ సంగతికి వస్తాను.

చిన్నమ్మ ఏడో తరగతి. భర్త పోయాక ఒక ఆసుపత్రిలో చేరింది. ఉద్యోగం ఆసుపత్రిది కాదు, ఏజెన్సీది. రికార్డులో ఆమె "పేషెంట్ కేర్". నోటితో పిలిచేటప్పుడు "ఆయా", చిరాకుగా ఉన్నప్పుడు "ఏయ్". చేరిన రోజు ఆమెకు ఇచ్చింది ఒక చీర, ఒక ఐడీ కార్డు. శిక్షణ ఎన్ని గంటలని అడిగాను ఒకసారి. నవ్వింది. "ట్రైనింగా? మొదటి రోజే ఒకాయన్ని చూపించి ఎత్తమన్నారమ్మాయ్. ఎత్తా. అదే ట్రైనింగు" అంది.

దుప్పటి మడత వేసి జరపడం ఆమె తనకు తనే కనిపెట్టుకుంది. పడిపోయిన చెయ్యి పట్టి లాగకూడదని ఒక ముసలాయన అరిచిన అరుపు విని నేర్చుకుంది. లేపే ముందు కాసేపు కూర్చోబెట్టాలని, కళ్లు తిరిగి తన మీద వాలిపోయిన వాళ్లను చూసి నేర్చుకుంది. పుస్తకంలో నాలుగు వాక్యాలు చదివితే వచ్చేది, ఆమెకు నలుగురి నొప్పి చూశాక వచ్చింది. ఆ నలుగురి నొప్పికి బాధ్యులెవరు? చిన్నమ్మా? చెప్పకుండా వార్డులోకి తోసినవాళ్లా?

ఒక రాత్రి రెండు వార్డులకు ఆమె ఒక్కతే. పెద్దాయన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లాలి. కుర్చీకి ఒక బ్రేకు పట్టదు. ఆ సంగతి ఆమె సూపర్‌వైజర్‌కి అంతకు ముందే రెండుసార్లు చెప్పింది. ఆయన్ని లేపి, తిప్పి, కూర్చోబెడుతుంటే కుర్చీ వెనక్కి జారింది. ఆయన పడిపోతున్నారు. చిన్నమ్మ ఆయన్ని దగ్గరికి లాక్కుని, కాలు వెడల్పు చేసి, తన తొడ మీదుగా కిందికి జార్చింది. ఆయన తల ఆమె గుండెల మీద ఆనింది. ఆయనకి గీత పడలేదు. ఆమె కుడి మణికట్టు విరిగింది.

తెల్లారాక ఆమెకు కాగితం ఇచ్చారు. అందులో "నిర్లక్ష్యం" అని రాసుంది. మూడు రోజుల కూలీ కోత. చెయ్యి విరిగిన రోజులకి అసలే కూలీ లేదు. బ్రేకు గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

తర్వాత నేను ఫిజియోథెరపీ చదివే ఒక స్టూడెంట్‌ని అడిగాను, నిలబడిన రోగి పడిపోతుంటే ఏం చెయ్యాలని పుస్తకాల్లో ఉందని. ఆ అబ్బాయి గడగడా చెప్పాడు. బలవంతాన నిలబెట్టాలని చూడకూడదు, దగ్గరికి తీసుకోవాలి, కాళ్లు వెడల్పు చెయ్యాలి, మన కాలి మీదుగా నెమ్మదిగా నేలకి జార్చాలి, తల కాపాడాలి. చిన్నమ్మ చేసింది అక్షరాలా అదే. పరీక్ష హాల్లో మార్కులు పడే పనికి వార్డులో మెమో పడింది.

అలా ఎందుకు చేశావని అడిగితే చిన్నమ్మ అన్నది ఇదీ: "పట్టుకుని నిలబెడదామంటే ఇద్దరం పడతాం. ఒదిలేత్తే ఆయన తల పగులుద్ది. అందుకే నా మీదకి లాక్కున్నా."

ఈ మూడు వాక్యాల్లో ఉన్నదాన్ని సిలబస్ అంటారు. దాన్ని నిర్లక్ష్యం అని రాసినవాడికి ఏ డిగ్రీ ఉందో నాకు తెలియదు.

ఇప్పుడు నడుముల లెక్క చూద్దాం. అమెరికాలో పనిచేసేవాళ్ల భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది, నియోష్. పట్టుకోవడానికి వీలుగా, ఒంటికి దగ్గరగా ఉన్న బరువును అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు మనిషి ఎత్తడానికి అది పెట్టిన పరిమితి 23 కిలోలు. మనిషి అలాంటి బరువు కాదు. మనిషి కదులుతాడు, జారతాడు, భయపడి పట్టుకుంటాడు. అందుకే ఆ సంస్థ పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో రోగుల్ని చేతులతో ఎత్తే పనికి 35 పౌండ్లే పరిమితి అన్నారు. అంటే దాదాపు 16 కిలోలు. అంతకు మించితే యంత్రమో, జారుడు పలకో, ఇంకో సాధనమో వాడాలి. 70 కిలోల మనిషి ఒక్క కాలే 11 కిలోల దాకా తూగుతుంది. ఇక మీరే లెక్కెయ్యండి, 45 కిలోల చిన్నమ్మ రాత్రికి ఎన్ని కిలోలు ఎత్తిందో.

"మోకాళ్లు వంచు, నడుం వంచకు" అని గోడకి పోస్టర్ అంటించి చేతులు దులుపుకోవడం కూడా మోసమే. పద్ధతి తెలిస్తే మంచిదే, కానీ ఒంటరిగా 70 కిలోలు ఎత్తే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. రెండో మనిషి కావాలి, సాధనం కావాలి. ఈ సంగతి టెక్సాస్ రాష్ట్రానికి 2005లోనే అర్థమైంది. రోగుల్ని ఎత్తే పనిలో ప్రమాదం తగ్గించే విధానం ఆసుపత్రులూ నర్సింగ్ హోములూ పెట్టుకోవాలని చట్టం చేసింది. మనవాళ్లు ఇళ్లు కొనుక్కునే డాలస్ ఉన్నది ఆ టెక్సాస్‌లోనే.

ఇక్కడ కులం ఎక్కడుందని అడగబోతున్నారు కదూ. వస్తున్నా.

మన భాషలో ఒక సామెత ఉంది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి. మొండిగా పని ఒప్పుకున్నవాణ్ణి వెక్కిరించడానికి వాడతాం. సామెతలో వెక్కిరింపు ఎవరి మీద? ఊరందరి బిడ్డల్నీ మొదట పట్టుకున్న చేతుల మీద. మంగలి ఆడవాళ్లూ, మాల మాదిగ ఆడవాళ్లూ చేసిన పని అది. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డని ఎలా తిప్పాలో తెలిసిన చేతులు. ఆ తెలివికి భాషలో దక్కింది శాస్త్రం అనే పేరు కాదు, పియ్యి అనే మాట.

మన కులానికి పెట్టిన పేరు చూడండి. అంటరానివాళ్లు. అంటు అంటే తాకడం. తాకకూడని మనుషులట. కానీ ఊళ్లో అందరూ తాకడానికి భయపడినవన్నీ తాకమని ఎవరికి అప్పజెప్పారు? పురుడు, పుండు, మలం, శవం. మనల్ని వాళ్లు ముట్టుకోకూడదు, వాళ్ల ఒంట్లోంచి వచ్చినదాన్ని మాత్రం మనం ముట్టుకోవాలి. కులం అంటే శ్రమను విభజించడం మాత్రమే కాదు, శ్రామికుల్నే మెట్లు మెట్లుగా విభజించడమని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పారు. ఆ మెట్లు చూడాలంటే ఊరికి పోనక్కర్లేదు. ఒక వార్డులో అరగంట నిలబడండి. రోగికి పక్క మార్చాలని కాగితం మీద రాసేది ఎవరు, మార్చేది ఎవరు, మార్చినట్టు సంతకం పెట్టేది ఎవరు, మార్చలేదని తిట్లు తినేది ఎవరు? నలుగురి పేర్లూ, ఇంటిపేర్లూ, ఊళ్లూ అడగండి. ఈ ఉద్యోగాల్లో మనకి నూటికి నూరు రిజర్వేషన్ ఎలా వచ్చిందో, దాని మీద ఎవరూ కోర్టుకి ఎందుకు పోలేదో అప్పుడు మాట్లాడుకుందాం.

మురికి పనిలో ఉండదు మిత్రులారా. పేరులో ఉంటుంది. దానికి సాక్ష్యం నర్సింగే. గుంటూరులో డాక్టర్ ఆనా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది 1898లో. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సు పని నేర్చుకోవడానికి మొదట ముందుకొచ్చినవాళ్లలో క్రైస్తవ అమ్మాయిలే ఎక్కువ. మగవాళ్లని తాకాలి, పుండ్లు కడగాలి అని మిగతా కులాలు మొహం చాటేశాయి. తర్వాత ఆ పనికి యూనిఫాం వచ్చింది, రిజిస్ట్రేషన్ వచ్చింది, గల్ఫ్ వీసా వచ్చింది. ఇప్పుడు సీటు కోసం అన్ని కులాలూ క్యూలో ఉన్నాయి. పుండు మారలేదు. కడిగే చేతికి సర్టిఫికేట్ వచ్చింది, మైల పోయింది. ఫిజియోథెరపిస్ట్ కూడా రోజంతా పరాయి ఒళ్లు పట్టుకునేవాడే. ఆయన్ని ఎవరూ మైల అనరు. అనకూడదు కూడా. నా ప్రశ్న ఒక్కటే. ఆయన పట్టుకుంటే వైద్యం అయినది, చిన్నమ్మ పట్టుకుంటే చాకిరీ ఎలా అయింది?

ఇక సేవాభావం గురించి. ఈ మాట మా ఆడవాళ్లకి జీతం పెంచమన్నప్పుడల్లా వినిపిస్తుంది. "డబ్బుల కోసం చేసే పని కాదమ్మా ఇది, పుణ్యం." మరి ఆ పుణ్యాన్ని ఏజెన్సీ యజమాని కమీషన్ కింద ఎందుకు తీసుకోడు? పాదసేవనం నవవిధ భక్తుల్లో ఒకటి. దేవుడి పాదాలు పట్టడం భక్తి, మంచాన పడ్డ మనిషి పాదాలు కడగడం నీచం. తల్లిదండ్రుల్ని కావడిలో మోసిన శ్రవణకుమారుడి కథ మన పిల్లలందరికీ చెప్తాం. ఆయన మోసింది తన తల్లిదండ్రుల్ని. మా చిన్నమ్మ ముక్కూమొహం తెలియని వందల మంది తల్లిదండ్రుల్ని మోసింది. ఆమె కథ ఏ క్లాసులో చెప్తారు?

మోయడం గురించి ఒక కథ నేను నా క్లాసులో చెప్తాను. 1897లో పుణె చుట్టుపక్కల ప్లేగు. ముట్టుకుంటే చావే. మహర్ వాడలో ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ణి సావిత్రిబాయి ఫూలే వీపు మీద మోసుకుని కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకి చేర్చింది. అప్పటికి ఆమె వయసు 66. ప్లేగు ఆమెకీ సోకింది. మార్చి 10న చనిపోయింది. దేశానికి చదువు చెప్పిన తల్లి చేసిన చివరి పని ఒక రోగిని మోయడం. ఆమెకి అది చాకిరీ అనిపించలేదు, ఎందుకంటే ఆమె ముట్టుకోవడాన్ని సమానత్వం అనుకుంది. మనమేమో సమానత్వం మీద ఉపన్యాసం ఇచ్చి, ముట్టుకునే పనికి ఆయాని పిలుస్తాం.

అమెరికా గురించి చెప్పాను కాబట్టి అక్కడేదో స్వర్గం ఉందనుకోవద్దు. లైసెన్స్ ఉన్న థెరపీ అసిస్టెంట్ కింద మెట్టు మీద నర్సింగ్ అసిస్టెంట్లు ఉంటారు. మలమూత్రాలు ఎత్తేది వాళ్లే. వాళ్లలో నల్లజాతి ఆడవాళ్లూ, వలసొచ్చిన ఆడవాళ్లూ ఎక్కువ. జీతాలు తక్కువ, నడుం నొప్పులు ఎక్కువ. అక్కడా మెట్లున్నాయి. కానీ ఆ ఆఖరి మెట్టు మీదున్న మనిషికి కూడా నర్సింగ్ హోములో పనికి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987లో వాళ్ల దేశం చట్టం చేసింది. చిన్నమ్మకి ఎన్ని గంటలు? ఒక చీర, ఒక కార్డు.

ఇక్కడి నుంచి అక్కడికి ఇంకో దారి ఉంది. కొడుకు డాలస్‌లో, తండ్రి విజయవాడలో మంచం మీద. హోమ్ కేర్ ఏజెన్సీ ఒకామెని పంపుతుంది. కొడుకు గదిలో కెమెరా పెట్టించి అక్కణ్ణుంచి చూస్తుంటాడు. ఆమె ఫోన్ చూస్తోందా, పడుకుందా అని. తన ఆఫీసులో కుర్చీ ఎత్తు సరిగా లేకపోతే మెడ నొప్పని ఫిర్యాదు చేసే కొడుకు, తన తండ్రి బరువు ఆ ఒక్క మనిషి నడుం మీద పడుతోందని ఆ కెమెరాలో చూడడు. వంటగదిలో గ్లాసు మాత్రం ఆమెకి వేరు. ఆ కెమెరాకి అది కూడా కనపడదు. తండ్రి ఒళ్లంతా ముట్టుకోవచ్చు, గ్లాసు ముట్టుకోకూడదు. ఇది 2020ల మాట, ముత్తాతల కాలం మాట కాదు.

మన దగ్గరా చట్టం వచ్చింది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. అలైడ్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2000 గంటల చదువు ఉండాలంది. మంచిదే. గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టినందుకు సంతోషం. అయితే మావాళ్ల గంటలు కూడా లెక్కపెట్టండి. 20 ఏళ్లు వార్డులో చేసిన మనిషి, రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు. 48,000 గంటలు. ఆ గంటల్ని ఏ రిజిస్టర్లో రాస్తారు?

నా భయం ఇంకొకటి ఉంది, మనవాళ్లకే చెప్తున్నా. రేపు ఈ పనికి సర్టిఫికేట్, జీతం, మర్యాద వస్తాయి. వయసు మీద పడేవాళ్లు పెరుగుతున్నారు, రాక తప్పదు. వచ్చిన రోజున ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు ఆ కోర్సుల్లో చేరతారు. అప్పటిదాకా ఎత్తిన చేతుల్లో చీపురు పెట్టి పక్కకి నెడతారు. నర్సింగ్‌లో చూశాం. మనం పునాది తవ్వాలి, వాళ్లు గృహప్రవేశం చెయ్యాలి. మళ్లీ అలా జరగనివ్వకూడదు. అందుకే "ఈ పని మాకొద్దు" అనడంతో పాటు "ఈ పని మీద పేరు మాది" అని కూడా అనాలి. వదిలేసే హక్కు కావాలి. ఉండాలనుకుంటే చదువుగా చేసే హక్కూ కావాలి. బలవంతంగా చేయించే కులాన్ని వద్దంటున్నాం గానీ, మనవాళ్ల చేతుల్లో ఉన్న తెలివిని కాదు.

కాబట్టి అడగాల్సినవి ఇవి.

1. వార్డులో రోగిని ముట్టుకునే ప్రతి మనిషికీ, పనిలో పెట్టుకునే ముందు, జీతంతో కూడిన శిక్షణ. తెలుగులో, చేసి చూపించి.

2. ఇప్పటికే ఏళ్లుగా చేస్తున్నవాళ్లకి పాత నైపుణ్యాన్ని గుర్తించే పరీక్ష. ముందే నేర్చుకున్న పనిని గుర్తించే ఆర్‌పీఎల్ పద్ధతి స్కిల్ ఇండియాలో ఉండనే ఉంది. కాగితం ఇచ్చి ఊరుకోవడం కాదు, దానితో పాటు జీతం పెరగాలి. పై కోర్సుల్లో సీట్లలో వీళ్లకి మొదటి హక్కు ఉండాలి.

3. లేవలేని రోగిని ఒక్కరే ఎత్తే పద్ధతి రద్దు. వార్డుకి బెల్టులు, జారుడు పలకలు, ఎత్తే యంత్రం. బ్రేకు పట్టని కుర్చీ వార్డులో ఉంటే బాధ్యత కుర్చీ కొన్నవాళ్లది, దాన్ని తోసిన మనిషిది కాదు.

4. పనిలో నడుం పోయినా, చెయ్యి విరిగినా వైద్యం, ఆ రోజుల జీతం. ఏజెన్సీని అడగమని ఆసుపత్రీ, ఆసుపత్రిని అడగమని ఏజెన్సీ అనే ఆట ఆగాలి.

5. రోగి ఛార్టులో పక్క మార్చిన మనిషి పేరు రాయాలి. పుండు పడకుండా కాపాడింది ఎవరో రికార్డులో ఉండాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగి వెంట ఉండే ఇంటివాళ్లకి కూడా ఇవే పాఠాలు అరగంట చెప్పాలి. అక్కడ చాలాసార్లు ఎత్తేది కొడుకో, భార్యో, కోడలో. సేవ అనే మాట కింద నలిగే కోడలికీ, చాకిరీ అనే మాట కింద నలిగే ఆయాకీ నడుం ఒకటే. వాళ్లిద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడ్డ రోజున ఈ రెండు మాటలూ పనికిరాకుండా పోతాయి.

ఆయా అనే మాట మనది కాదు. పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చింది. పిల్లల్ని సాకే ఆడమనిషి అని అర్థం. వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, మాట మిగిలింది. ఇన్ని శతాబ్దాల్లో తెలుగు భాష ఈ పనికి గౌరవంగా పిలిచే ఒక్క పేరు కూడా పెట్టుకోలేదంటే, భాషకి పదాలు లేక కాదు. నిఘంటువుల్లో తాకడానికి ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు. పేరు పెట్టాల్సినవాళ్లకి ఆ అవసరం రాలేదు.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీవాళ్లని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టిన మనిషిని పేరు అడగండి. పేరుతో పిలవండి, చివర "గారు" చేర్చండి. ఆ తర్వాత కుర్చీకి రెండు బ్రేకులూ పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే ఫిర్యాదు మీ పేరుతో రాసివ్వండి. మీ పేరుకి ఉన్న బరువు, చిన్నమ్మలు రెండుసార్లు చెప్పినా వాళ్ల మాటకి లేదు. ఆ తేడా పేరే కులం.

వచ్చే ఆదివారం మార్చురీ గేటు దగ్గర పనిచేసే చేతుల గురించి రాస్తాను.

జై భీమ్.